సర్కారు మూట, కానుపు మూట

మా సంఘం వాళ్లు రిటైరైనోళ్ల యాదులన్ని కలిపి పుస్తకం వేస్తాన్రట. కొత్తగ నౌకరీల చేరిన పిల్లలకు పంచుతరట. ఫోన్ చేసినాయన "మీ సర్వీసుల మీరు గర్వపడ్డ రోజు గురించి రాయుండ్రి మేడమ్, పిల్లలకు స్ఫూర్తిగ ఉంటది" అన్నడు. గర్వపడ్డ రోజులు మీకెందుకు బిడ్డా? రిటైర్మెంటు నాడు మైకు పట్టుకున్నోళ్లు అవన్ని చెప్పేసిన్రు. ఆ పూట మైకు దొరికినోడు కుర్చీని సుత పొగుడుతడు.

నేను సర్కారు బడిల జూనియర్ అసిస్టెంట్‌గ చేరి సూపరింటెండెంట్‌గ దిగిపోయిన. నడుమల ఎన్ని ఫైళ్లు కదిలించిన్నో, ఎన్ని కదలకుంట ఆపిన్నో నాకే యాది లేదు. మంచిగ యాదికున్నది ఒక్క రోజు. పరీక్షల జవాబు కాయిదాలు క్యాంపుల అప్పజెప్పబోయి బొంతల మూట అప్పజెప్పిన రోజు. నవ్వుండ్రి, ఫికర్ లేదు. అక్కడున్నోళ్లందరు నవ్విన్రు, నేను సుత నవ్విన.

అప్పటికి నా నౌకరి ఇంకా పచ్చి. మా ఆయన పోయినంక ఆయన బదులు నాకిచ్చిన్రు. ప్రొబేషన్ కాలే. ఇద్దరు చిన్నపిల్లలు, హసన్‌పర్తిల కిరాయిల్లు. బడేమో పాలంపేట అవుతల ఉన్న ఒక ఊర్ల. పొద్దుగాల అన్నం వండి, పిల్లలను పక్కింటామెకు అప్పజెప్పి, బస్సులు మారి బడికి పోయేసరికే సగం పాణం పోయేది. మిగిలిన సగం పాణంతోని సర్కారుకు సేవ చేసేదాన్ని.

మా బడి పరీక్షల సెంటరు. పరీక్ష ఒడిసినంక జవాబు కాయిదాలను కట్టలు కట్టి, తెల్ల గుడ్డల పెట్టి, దబ్బనంతోని చుట్టూ కుట్టి, ఆ కుట్ల మీద లక్క కరగబోసి ముద్రెయ్యాలె. అదే రోజు వరంగల్‌ల పేపర్లు దిద్దే క్యాంపుల అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలె. బడిల అంతమంది మొగోళ్లు ఉన్నా దబ్బనం నా చేతికే ఇచ్చిన్రు. ఆడోళ్లకు కుట్టుడు పుట్టుకతోనే వస్తదట. ముద్ర మాత్రం మా హెడ్మాస్టరే వేసేటోడు, ఎందుకంటె దాంట్ల అధికారం ఉన్నది. లక్క మరిగితె చెయ్యి కాలుతదని, కరగబోసుడు మళ్ల నాకే.

రూలు ఏంటిదంటె, మూట ఎంబడి ఇద్దరు పోవాలె, జీపుల పోవాలె, మూట మీదికెల్లి కన్ను తియ్యద్దు. ఆ జీపు కాయిదం మీద రోజూ పోయొచ్చింది, నేను ఆర్డినరీ బస్సుల పోయొచ్చిన. నాతోని రావల్సిన సారును మేము చాటుకు ‘రెండో సంతకం’ అనేటోళ్లం. ఆయనకు హన్మకొండల ఇల్లు. రిజిస్టర్ల నా సంతకం కింద ఆయన సంతకం పెట్టి, "మీరున్నరు కద మేడమ్, నాకేం రంది" అని స్కూటర్ మీద పోయేటోడు. మొదటి రోజు నాకు కోపమొచ్చింది. రెండో రోజు బుగులైంది. మూడో రోజుకు అలవాటైంది. మన దగ్గర ఏ తప్పైనా మూడు రోజులే తప్పు, నాలుగో రోజుకెల్లి దాన్ని పద్ధతి అంటరు. మీకు సుత ఈపాటికి సమజై ఉంటది.

ఆ రోజు లెక్కల పరీక్ష. ఎండలు దంచుతానయి. మధ్యాహ్నం బస్సు కిటకిటలాడుతాంది. కండక్టర్ నా మూట చూసి "బానెట్ మీద పెట్టుండ్రి మేడమ్, నడుమల అడ్డం" అన్నడు. పెట్టిన. నాకు ముందర రెండో వరుసల సీటు దొరికింది. నడుమల మంది నిలబడ్డరు, మూట కానొస్తలేదు. కన్ను తియ్యద్దనే రూలు అక్కడికే ఒడిసింది.

ములుగుల ఒక ముసలామె ఎక్కింది. సన్నగ, నల్లగ, గుండ్రపు మొఖం. నెత్తిన తెల్లటి మూట. కండక్టర్ దాన్ని సుత బానెట్ మీదికే తోసిండు. ఆమె వచ్చి నా పక్కన ఇరుకుల కూసున్నది. నేను గంజి పెట్టిన చీరె కట్టుకున్న, కొంగు జర పక్కకు గుంజుకున్న. మొన్నటిదాంక నేను సుత గట్లనే నెత్తిన గంప పెట్టుకొని తిరిగినదాన్నే. నౌకరి దొరికిన ఏడాదికే నా చీరెకు ఎక్కడ లేని పవిత్రత వచ్చింది.

"నీది సుత మూటనే ఉన్నది, ఏం మూట బిడ్డా?" అని అడిగింది.

"సర్కారు మూట" అన్న, మెడ నిక్కబెట్టి.

"అట్లనా. నాది కానుపు మూట" అని నవ్వింది.

అడగకుంటనే అంతా చెప్పింది. బిడ్డకు పొద్దుగాల నొప్పులు లేసినయట. అల్లుడు హన్మకొండ దవాఖానకు తీస్కపోయిండట. ఈమె ఆఖరి బొంత కుట్టుడు ఒడవక ఎనుకవడ్డదట. "మొదటి కానుపుల పిల్ల దక్కలే బిడ్డా. ముందుగాల కుట్టి పెడితె దిష్టి తగులుతదని మా ఇంటోళ్లు దారం సుత పట్టనియ్యలే. పుట్టిన పిల్లను దవాఖానల ఎవలిదో తువాలల సుట్టిచ్చిన్రు. ఈసారి ఎవలు సెప్పినా ఇనలే. ఉన్న పాత చీరెలన్ని ఉతికి మెత్తగ కుట్టిన. తొవ్వల దుమ్ము పడుతదని మా ముసలాయన ధోతి చింపి మూట సుత కుట్టేసిన."

నేను ‘ఊఁ’ అన్న. ఆమె కొంగు ముడిప్పి ఉప్పు, కారం అద్దిన మామిడికాయ ముక్క ఇయ్యబోయింది. "వద్దు, డ్యూటీల ఉన్న" అన్న. ఆ ముక్క తింటె లెక్కల పేపర్ లీకైతదేమో మరి! డ్యూటీల తినద్దు గని పండచ్చు కావచ్చు, కొంచెంసేపటికి ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోయిన. ఆమె కదలకుంట కూసున్నట్టున్నది, నాకు ఒక్కసారి సుత మెలకువ రాలే.

"ములుగురోడ్! ములుగురోడ్ దిగేటోళ్లు!" అని కండక్టర్ ఒర్రితె ఉలిక్కిపడి లేసిన. క్యాంపుకు అక్కడనే దిగాలె. ఆమె బస్టాండ్ దాంక పోవాలె. నేను బిరబిర దిగి, బస్సు కాడికొచ్చిన ఆటో డ్రైవర్‌కు "బానెట్ మీద తెల్ల మూటున్నది, తియ్యి" అని చెప్పిన. నా చేత్తోని ఎత్తితె బరువు తెలిసేది, ముద్రలు కానొచ్చేటియి. గని సర్కారు ఉద్యోగి నడిబజార్ల మూట ఎత్తుతదా? క్యాంపుకు అనంగనే, ఆటోల పెట్టుకుంట ఆయన నవ్విండు. "ఏంది మేడమ్, పిల్లలు పరీక్షల ఏం రాయలేదా? మూట దూదిలెక్క ఉన్నది!"

"నీకెందుకయ్యా, నడువు" అన్న.

క్యాంపు ఒక పాత బడిల నడుస్తాంది. వరండాల పెద్ద బల్ల, బల్ల ఎనుక క్యాంపు పెద్దసారు. ముద్రలు చూసి, సక్కగున్నయని రాసుకొని, అప్పుడు మూట కొయ్యాలని అక్కడ రూలు. బ్లేడు పట్టుకున్న అటెండర్ సుత మన డిపార్ట్‌మెంటు మనిషే కాబట్టి ముందు కోసిండు.

మొదలు ఒక బొంత వచ్చింది. నీలి చీరె ముక్క, పసుపు చీరె ముక్క, వాటి మీద ఎర్ర దారంతోని సన్నటి కుట్లు. తర్వాత ఇంకొక బొంత. మడత పెట్టిన మెత్తటి గుడ్డ పేలికలు. ఆముదం సీస. సొంఠి పొట్లం. ఆఖరికి ఒక టోపి, నిమ్మకాయకు తొడిగితె సరిపోయేంత.

పెద్దసారు ఆ టోపిని వేలుకు పెట్టుకొని తిప్పిండు. "మేడమ్, ఇది లెక్కల పేపరా, సైన్సు పేపరా?"

అందరు పగలబడి నవ్విన్రు. నేను సుత నవ్విన. నవ్వుకుంటనే నా పైపాణం పైన్నే పోయింది. మూడు ఊర్ల పిల్లల లెక్కల పరీక్ష హన్మకొండ బస్సుల పోతాంది. అది దొరకకపోతె వాళ్లు మళ్ల రాయాలె, నేను ఇంట్ల కూసోవాలె. నిజం చెప్తాన, ముందు నాకు నౌకరే యాదికొచ్చింది. పిల్లలు ఆ తర్వాత యాదికొచ్చిన్రు. ఆ ముసలామె బొంతలు లేకుంట దవాఖానకు పోతాందన్న సోయి అసలే రాలే.

రెండో సంతకం సారు ఇంటికి ఫోన్ చేసిన. "సార్, మూట మారింది. జల్ది రాండ్రి" అన్న. ఆయన మెల్లగ అడిగిండు: "మనం బస్సుల ఎక్కడ కూసున్నం మేడమ్?"

బస్టాండ్‌కు ఒక మనిషిని ఉరికించిన్రు. ఆయన వచ్చి, బస్సు డిపోకు పోయిందన్నడు. డిపోకు ఫోన్ చేస్తె మూటేం లేదన్నరు. పెద్దసారు మొఖంల నవ్వు పోయింది. కాయిదం తెప్పిచ్చిండు. ‘పోయింది’ అని రాస్తె మన నిర్లక్ష్యం అయితదట. ‘ఎత్తుకపోయిన్రు’ అని రాస్తె నేరం అయితదట. నిర్లక్ష్యం మనది, నేరం ఇంకొకలది. అంత చిన్న తేడాకు ఆయనకు అంత పెద్ద నౌకరి ఇచ్చిన్రు.

"మీరే రాయుండ్రి మేడమ్, మీ చేతిరాత ముత్యాలోలె ఉంటది" అన్నడు. ఆయన చెప్తాంటె నేను పోలీసులకు ఫిర్యాదు రాసిన. ‘ఎస్కార్టు సిబ్బంది ఇరువురూ మూటకు చెరొక వైపున కూర్చుని అప్రమత్తంగా ఉండగా, గుర్తు తెలియని ఒక వృద్ధ స్త్రీ దురుద్దేశముతో అటువంటిదే మరియొక మూటను ఉంచి…’ నేను తల పెట్టి పండిన భుజం ఆమెది. నా చేత్తోనే రాసిన, కింద సంతకం పెట్టిన. అందరు శ్రీవైష్ణవులే, బుట్టల చేపలన్ని మాయం.

సంతకం తడి ఆరలే. గేటుల నుంచి ఆ ముసలామె వచ్చింది.

నెత్తిన మూట. మొఖమంత చెమట, చీరె జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కున్నయి. బస్టాండ్ కాడికెల్లి నడిసొచ్చింది. జవాబు కాయిదాల మూట ఎంత బరువుంటదో మోసినోళ్లకే ఎరుక, నేను సుత ఆటోల తప్ప మోసినదాన్ని కాదు. ఆమె నన్ను చూసి నవ్వింది. "దొరికినవా బిడ్డా! ఎంత తిరిగిన్నో నీ కోసం" అని మూట బల్ల మీద దించింది. "చూస్కోండ్రి సారూ. ముద్రలు గట్లనే ఉన్నయి. ఒక్క కుట్టు సుత ఇప్పలే."

ఏమైందంటె, బస్టాండ్‌ల దిగి మూట ఎత్తంగనే బరువుకు తెలిసిపోయిందట. సదువుకున్న పిల్ల ఒకతి కనపడితె మూట మీద రాసింది సదివిపిచ్చుకున్నదట. అడ్రస్ అడుక్కుంట వచ్చింది.

"ఆటోల రావద్దా అవ్వా?" అన్నడు అటెండర్.

"ఆటోల పెడితె ఎవలన్న మళ్ల మార్సుకపోతరని నెత్తి మీదనే తెచ్చిన నాయినా. కైకిలి కూలికి పోయేదాన్ని, మూట మోసుడు నాకు కొత్తనా?"

నేను నోరు తెరిసి "మొదలు దవాఖానకు పోకపోయినవా?" అని అడిగిన. ఆమె నా దిక్కు వింతగ చూసింది. "నా బిడ్డకాడ అల్లుడున్నడు. ఈ పోరగాండ్ల కాయిదాలకాడ ఎవలున్నరు?"

కాయిదం మీదనైతె సర్కారు పెట్టిన ఇద్దరం ఉన్నం.

మీరైతె ఏం చేస్తరు? కూసోబెట్టి మంచినీళ్లిచ్చి, దండం పెట్టి, ఎవలి బండి మీదనన్న దవాఖాన కాడ దించొస్తరు కదా. ఇంకా మీరు కొత్తోళ్లు, అందుకే గట్లనుకుంటాన్రు. పెద్దసారు ఆమెను స్టూల్ మీద కూసోమన్నడు. నన్ను పక్కకు పిలిచి మెల్లగ చెప్పిండు.

"మేడమ్, రిజిస్టర్ల ఇద్దరు ఎస్కార్టు. ఇద్దరుండంగ మూట ఎట్ల మారింది? ఈ ముసలామె మంచిదైతె మీరు మంచోళ్లు కాదు. ఎవలు మంచోళ్లు కావాల్నో ఆలోచించుకోండ్రి. పోలీసులను పిలుస్త, వాంగ్మూలం తీసుకుంటరు, అంతదాంక ఆమెను పోనియ్యద్దు."

ఆమెకు ఈ ముచ్చట తెల్వది. లేసి బల్ల కాడికి పోయి, కోసి పడేసిన మూటను, బొంతలను చూసింది. ధోతి గుడ్డ చినిగి పోగులు లేసి ఉన్నది. ఒక్కొక్కటి దులిపి మడత పెట్టబోయింది. అటెండర్ వచ్చి ఆమె చేతులకెల్లి గుంజుకున్నడు. "ముట్టుకోవద్దు, ఇవి సాక్ష్యం" అన్నడు. టోపి, ఆముదం సీస, సొంఠి పొట్లం, అన్ని వరుసగ పేర్చి పేపర్ వెయిట్ పెట్టిండు.

"గవ్వి నా మనుమలయి నాయినా" అన్నది.

"ఐదు నిమిషాలు ఆగు అవ్వా."

సర్కారు ఐదు నిమిషాలు ఎంతుంటయో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆమె కూసున్నది, లేసింది, గేటు కాడికి పోయింది, మళ్ల వచ్చింది. "సారూ, నా బిడ్డ ఎదురుచూస్తాంటది. పుట్టినోన్ని దేంట్ల సుడుతరు? మళ్ల ఎవలిదో తువాలల సుట్టిస్తరు సారూ. నన్ను పోనియ్యుండ్రి, పొద్దుగూకే లోపట మళ్లొచ్చి మీరు ఏడ అంటె గాడ ఏలుముద్ర పెడుత" అని బతిమాలింది. పెద్దసారు ఫైల్‌ల మొఖం పెట్టిండు. నేను గోడ దిక్కు చూసిన. గోడ మీద ‘సత్యమేవ జయతే’ రాసి ఉన్నది, సున్నం రాలి సగమే కానొస్తాంది.

అప్పుడు రెండో సంతకం సారు వచ్చిండు, స్కూటర్ సుత సక్కగ ఆపకుంట. పొద్దటికెల్లి మూట పక్కన కన్నార్పకుంట కూసున్న మనిషి కదా, చెంప మీద చాప అచ్చులు పడి ఉన్నయి. పెద్దసారు అవి చూసిండు. చూసి సుత చూడలే.

ఆయన ముసలామె దిక్కు వేలు పెట్టి మొదలుపెట్టిండు. "ఈమెనే సార్! నేను మొదటికెల్లి గమనిస్తనే ఉన్న. మూట దిక్కే చూసుకుంట కూసున్నది. నాకప్పుడే డౌటొచ్చింది."

ముసలామె ఆయనను కిందికెల్లి మీది దాంక చూసింది. కోపం లేదు. "ఈ సారు బస్సుల లేడు కదా" అన్నది.

వరండాల మూటలు కోస్తున్న బ్లేడ్లు ఆగినయి.

"నువ్వు ఊకో అవ్వా, నిన్నెవలడిగిన్రు" అన్నడు పెద్దసారు. తర్వాత నా దిక్కు తిరిగిండు. ఆయన గొంతు మస్తు మెత్తగున్నది. "మేడమ్, మీరు చెప్పుండ్రి. సారు మీ పక్కన ఉన్నడా, లేడా?"

ఒక్క మాట. ‘లేడు’ అంటె అయిపోతది. ఫిర్యాదు చినుగుతది, ఆమె బొంతలు తీసుకొని దవాఖానకు పోతది. ‘లేడు’ అంటె నా నౌకరి సుత పోతది. నా పిల్లలు పక్కింటామె దగ్గర బిస్కెట్ తినుకుంట నా కోసం చూస్తాంటరు. ఇదంతా సాకు అని నాకు తెలుసు. సాకు లేని తప్పు మన సర్వీసుల ఎవలు చేసిన్రు?

"ఉన్నడు సార్" అన్న.

చెప్పుకుంట ఆమె దిక్కు చూడద్దనుకున్న, గని చూసిన. ఆమె సుత నన్నే చూస్తాంది. తిడుతదనుకున్న. మన్నుబోస్తదనుకున్న. నా మొఖంల ఏం కనవడ్డదో ఏమో, ఆమె మొఖం మెల్లగ మెత్తవడ్డది. పెద్దసారు దిక్కు తిరిగి, నుదురు మీద చెయ్యి పెట్టుకొని అన్నది.

"అయ్యో, నా మతి మండ. ఉన్నడు సారూ. ఎనుక సీట్ల కూసున్నడు. ముసలి కండ్లాయె, మనుషులను గురుతువడుతలేను. తప్పు నాదే. దిగేటప్పుడు తొందరల నా మూట నేనే ఈ బిడ్డకు అందిచ్చిన. ఈ బిడ్డ తప్పు లేదు, ఈ సారు తప్పు లేదు."

అంతే. అందరికి పాణం లేసొచ్చింది. దొంగను పట్టిన దానికంటె ఇది ఇంకా మంచిగున్నది, ఎవలూ దొంగ కాదు, మూట దొరికింది, పోలీసుల లొల్లి లేదు. పెద్దసారు నేను ముత్యాలోలె రాసిన ఫిర్యాదు నాలుగు ముక్కలు చేసి బుట్టల వేసిండు. "పో అవ్వా, ఇంకోసారి జాగ్రత్తగ ఉండు" అని ఆమెకు బుద్ధి సుత చెప్పిండు. రెండో సంతకం సారు అటెండర్‌ను పిలిచి అందరికి చాయ్ తెమ్మన్నడు. ఆమెకు సుత తెమ్మన్నడో లేదో నాకు యాది లేదు. లేదనే అనుకుంటాన.

ఆమె బొంతలన్ని చినిగిన ధోతిల వేసుకొని గేటు దిక్కు నడిచింది. నేను ఎనుక ఉరికిన.

"ఎందుకట్ల చెప్పినవు అవ్వా?" అని అడిగిన.

"మరేం జెయ్యాలె? పొద్దుగాల నొప్పులు లేసినప్పుడు నా బిడ్డ సుత గిట్లనే మొఖం పెట్టింది. ‘అమ్మా, నాతోని కాదే’ అన్నది. నీ మొఖం సుత గట్లనే కనవడ్డది. ఆపతిల ఉన్నోళ్లతోని కొట్లాడుతరా?" అన్నది. తర్వాత మూట నా ముందట పెట్టింది. "జర ఈ కోసిన కాడ నాలుగు కుట్లేసియ్యి బిడ్డా. కండ్లు మసకలైతానయి, దారం ఎక్కిచ్చుడు నాతోని కాదు. ఉరికిన్ననుకో, టోపి గిట్ల తొవ్వల పడిపోతది."

నా చేతి సంచిల దబ్బనం ఉన్నది, దారం సుత ఉన్నది. రోజూ సర్కారు మూట కుట్టేదాన్ని, నాలుగు కుట్లు ఎంతసేపు? సంచిల చెయ్యి పెట్టిన. అంతల ఎనుకకెల్లి పెద్దసారు పిలిచిండు. "మేడమ్! రసీదు మీద సంతకం పెట్టుండ్రి, రిజిస్టర్ మూసేస్తాన్రు!"

"ఒక్క నిమిషం అవ్వా, ఇప్పుడే వస్త" అని లోపటికి పోయిన. కాయిదాలు లెక్కవెట్టిన్రు, ముద్రలు సరిచూసిన్రు, రెండు సంతకాలు పడ్డయి. రసీదు మడిచి జాకెట్ల పెట్టుకొని బయటికొచ్చేసరికి ఆమె లేదు. గేటు అవుతల ములుగురోడ్ దిక్కు చూస్తె దూరంగ కనవడ్డది. మూట నెత్తిన పెట్టుకోలే. రెండు చేతులతోని రొమ్ముకు హత్తుకొని, ఎక్కడ ఏం పడుతదో అని వంగి వంగి చూసుకుంట పోతాంది. పిలిస్తె ఇనపడేంత దూరమే. పిలువలే.

పరీక్షలన్ని ఒడిసినంక, ఒక ఆదివారం ఆ దవాఖానకు పోయిన. ‘ఫలానా రోజు ఒకామెకు కానుపైంది, వాళ్ల అమ్మ బొంతలు తెచ్చింది’ అని అడిగిన. నర్సు "పేరేంది?" అన్నది. తెల్వదన్న. "ఏ ఊరు?" తెల్వదన్న. "పేరు తెల్వది, ఊరు తెల్వది, నీకేమైతరమ్మా వాళ్లు?" అని అడిగింది. ఫారాలల్ల అన్ని కాలమ్‌లు నింపుడే నా నౌకరి. అక్కడ ఒక్క కాలమ్ నింపలేక వాపస్ వచ్చిన.

ఆ ఏడు మా సెంటర్‌కు మెచ్చుకోలు కాయిదం వచ్చింది. జవాబు పత్రాలను ఏ లోటు లేకుంట చేర్చినందుకు, ఇద్దరు ఎస్కార్టు సిబ్బందికి. రెండో సంతకం సారు దానికి ఫ్రేము కట్టిచ్చి ఇంట్ల దేవుని పటాల పక్కన పెట్టుకున్నడని విన్న. నాకు నవ్వొచ్చింది గని నవ్వనికె నాకేం హక్కున్నది, నా కాయిదం సుత బీరువల భద్రంగనే ఉన్నది. నా ప్రొబేషన్ ఆ కాయిదం తోనే అయింది. ప్రమోషన్లు దాని మీదికెల్లే మొదలైనయి. ఇప్పుడు నేను తింటున్న పెన్షన్ బువ్వల ఆ ముసలామె అబద్ధం ఉన్నది. ఉప్పు లెక్క, కానరాదు గని ప్రతి బుక్కల తగులుతది.

నిజాయితీగ ఉండుండ్రి, పేదోళ్లకు పని చేసి పెట్టుండ్రి అని మీకు నీతులు చెప్పుమంటరు ఈ పుస్తకం వేసేటోళ్లు. నేను చెప్ప. నాకేం మొఖం ఉన్నదని చెప్పాలె? ఒక్కటే అడుగుత. ఆ పూట పుట్టిన బిడ్డ దక్కితె ఇయ్యాల మీ ఈడుంటది. ఏమో, ఈ పుస్తకం చేతిల పట్టుకున్న మీల ఒకలు కావచ్చు. మీ ఇంట్ల ఎప్పుడన్న ఈ ముచ్చట వచ్చిందా? నువ్వు పుట్టిననాడు అమ్మమ్మ ఆలస్యంగ వచ్చింది, బొంతలు చినిగిన గుడ్డల తెచ్చింది, టోపి తొవ్వల ఎక్కడనో పడగొట్టుకున్నది, ముసల్దానికి మతి లేదు అని ఎవలన్న నవ్విన్రా?

నవ్వి ఉంటె, ఇంటికి పోయి ఆమెకు చెప్పు బిడ్డా. మతి సక్కగనే ఉన్నది. రెండో సంతకం సారు బస్సుల లేడు. నేనొక్కదాన్నే ఉన్న, ఆమె భుజం మీద పండుకొని ఉన్న. ఆమె మొదలు చెప్పిందే నిజం.